సాక్సు కింద కట్టు

ఆమధ్య ఒకరోజు బట్టలు నానబెడుతుంటే మా చిన్నదాని సాక్సులోంచి క్రేప్ బ్యాండేజీ ఒకటి జారిపడింది. ఇంట్లో ఎవరికీ దెబ్బ తగల్లేదే! "ఏమిటే ఇది?" అంటే తల వంచుకుంది. కుడికాలు మోకాలి కింద ఇరవై రోజులనుంచీ నొప్పట. తనే కట్టు కట్టుకుని, పైన సాక్సు లాక్కుని, స్కేట్లు తొడుక్కుని వెళ్తోందట.

అది చదివేది ఏడో తరగతి. మూడేళ్లుగా ఆర్టిస్టిక్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. టీవీలో మంచు మీద చేస్తారే, ఆ గెంతులూ గింగిరాలే, మా రాజమండ్రిలో గచ్చు మీద, నాలుగు చక్రాలతో.

ఎముకలో వెంట్రుకంత చీలిక వచ్చిందన్నారు డాక్టరుగారు. పడితే వచ్చింది కాదట. గాల్లో తిరిగి ప్రతిసారీ ఆ ఒక్క కాలి మీదే దిగడం వల్ల వచ్చిందట. దిగేటప్పుడు ఒంటి బరువుకి ఎన్నో రెట్లు ఆ కాలి మీద పడుతుంది. రోజుకి యాభై గెంతులు, వారానికి ఆరు రోజులు. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, నాకే ఆ లెక్క అర్థమైంది. ఆరు వారాలు స్కేట్లు ముట్టుకోవద్దన్నారు.

"ముందే చెప్పొచ్చు కదే?"

"ఒక్కరోజు కూడా మానదని అందరితో చెప్తావు కదమ్మా..."

ఇంకేం మాట్లాడను? నిజమే. పెళ్లిళ్లలో, మెట్ల దగ్గర, ఫోనులో మా అమ్మతో, "జ్వరమొచ్చినా మానదండీ" అని ఎన్నిసార్లు మురిసిపోయానో! కోచ్‌ని నాలుగు మాటలని ఊరుకోవచ్చు. కానీ ఆ కట్టు కట్టుకోవడం నేర్పింది నేనే.

తిండి సంగతీ అంతే. బరువు పెరిగితే గెంతలేదని కూతురికి ఒక్క ఇడ్లీతో సరిపెట్టే తల్లిని చూశాను. ఎదిగే ఆడపిల్లకి, అంత కష్టపడే పిల్లకి, తిండి చాలకపోతే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలో సత్తువ తగ్గుతుంది. అలాంటి ఎముకే ముందు చీలుతుంది. పోటీల ముందు నెలసరి రాలేదని సంతోషించకండి తల్లీ, డాక్టరుకి చూపించండి. రష్యా అమ్మాయి యూలియా లిప్నిత్స్కాయా 2014 సోచి ఒలింపిక్స్‌లో 15 ఏళ్లకే జట్టు స్వర్ణం గెలిచింది. 19 ఏళ్లకి, తిండి ముట్టనివ్వని అనోరెక్సియాతో ఆటే వదిలేసింది. పెద్దల పోటీలకి కనీస వయసు 15 నుంచి 17కి పెంచాలని అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 2022లో తీర్మానించింది. మనం మాత్రం పదేళ్లకే పతకాలు లెక్కపెట్టుకుంటున్నాం.

అలాగని మాన్పించమనను. మన హైదరాబాదు అబ్బాయి అనూప్ కుమార్ యమా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ ఆటలోనే రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. మా చిన్నదాని గోడ మీద ఆయన ఫొటో ఉంది, ఉండనివ్వండి.

ఇప్పుడు అయిదో వారం. రింకు నుంచి రాగానే "ఇవాళ ఎన్ని గెంతావే?" అని అడిగేదాన్ని. ఆ అలవాటు మానుకుంటున్నాను, కష్టంగానే ఉంది. నిన్న రాత్రి పక్కలో చేరి, "అమ్మా, ఎడమ మడమ కూడా కొంచెం లాగుతోందే" అంది. ఎంత సంతోషమేసిందో! లేచి కొబ్బరినూనె తెచ్చాను.