హాంబర్గునకు బోయిన పిల్లలు



బీటిల్సు అను ఆంగ్లేయ గాయకబృందము పేరు మీలో పెక్కుమంది వినియే యుందురు. కాని ఆ బృందమున తొలిదినములలో డ్రమ్ములు వాయించిన పీటు బెస్టు అను చిన్నవాడు మద్రాసులో బుట్టెనని యెందఱకు దెలియును? అది 1941వ సంవత్సరము, నవంబరు 24వ తేది. అప్పుడు మా తిరువూరు కృష్ణాజిల్లాలోనిది. ఆ జిల్లా మద్రాసు రాజధానిలోనిది. ఇంతమాత్రమున అతడు మనవాడు కాడు. కాని అతని తల్లి కథ మనము వినదగినది.

ఆమె పేరు మోనా, ఢిల్లీలో బుట్టినది. పీటు కన్నతండ్రి ఓడలలో ఇంజనీరు, యుద్ధకాలమున మరణించెను. 1944లో ఆమె బొంబాయిలో జాన్ బెస్టు అను నతనిని వివాహమాడి, మఱుసటియేట కుటుంబముతో ఓడ నెక్కి లివర్పూలు చేరెను. 1954లో తన నగలు కుదువబెట్టి డెర్బీ పందెమున ఒక గుఱ్ఱముపై గాచెననియు, అది గెలిచి రూపాయకు ముప్పదిమూడింతలు తెచ్చెననియు, పెద్దయిల్లు కొనుట కదియే ఆధారమయ్యెననియు జెప్పుదురు. (ఇది చదివి ఎవరును నగలపెట్టె తెఱవవలదు. ఓడిన గుఱ్ఱముల కథ లెవరును వ్రాయరు గదా!)

ఆ యింటి నేలమాళిగలో 1959 ఆగస్టు 29న మోనా పిల్లలకొఱకు పాటల క్లబ్బొకటి తెఱచెను. పేరు కాస్బా. కాఫీయే గాని సారాయి లేదు. తరువాత బీటిల్సైన పిల్లలే గోడలకు రంగులువేసి, అచ్చటనే పాడిరి. తలకు పదునైదు షిల్లింగులు కూలి. ఒకనాటి రాత్రి కెన్ బ్రౌను అను నతనికి జబ్బుచేసి వాయింపలేదు. మోనా అతని కూలి యతనికే ఇచ్చెను. వాయింపనివాని కేల యని తక్కినవారు అలిగి వెడలిపోయిరి. పనిమనిషి జ్వరపడిననాటి జీతము కోయవలెనా యని తర్కించు ఇల్లాండ్రకు ఈ తగవు క్రొత్త గాదు. నా మట్టుకు నేను మోనా పక్షమే.

ఏడాది తిరుగకముందే ఆ పిల్లలకు జర్మనీలోని హాంబర్గునుండి పిలుపు వచ్చెను. డ్రమ్ములవాడు లేడు, మోనా కొడుకు పీటును జేర్చుకొనిరి. అతనికి పదునెనిమిదేండ్లు. జార్జి హారిసనుకు పదునేడే. తల్లి లూయీ యతనికి ఇంట జేసిన స్కోనులను తీపిరొట్టెలు డబ్బాలో గట్టి యిచ్చి పంపెను. పాలు మెకార్ట్‌నీ తల్లిలేనివాడు. తండ్రి యనుమతి నిచ్చెను. జాన్ లెననును పెంచిన పెద్దతల్లి మిమికి మాత్రము సుతరాము ఇష్టములేదు.

1960 ఆగస్టు 17న వారు హాంబర్గు జేరిరి. ఇంద్రా అనునది ఆ క్లబ్బు పేరు. పేరు మనదే గాని తీరు వేఱు. నావికులకును సారాయికొట్లకును వేశ్యావాటికలకును పేరుమోసిన పేట యది. రోజునకు మనిషికి ముప్పది మార్కులు. మామూలు రాత్రులలో నాలుగున్నర గంటలు, శని ఆదివారములలో ఆఱుగంటలు వాయింపవలెను. నిద్ర యొక సినిమాహాలు వెనుక, మరుగుదొడ్ల ప్రక్క, వెలుతురులేని కొట్టులో. ముఖము కడుగుకొనుట కా మరుగుదొడ్ల చన్నీరే. నలువదియెనిమిది రాత్రు లట్లు గడచిన తరువాత, చప్పుడు భరింపలేక ఇరుగుపొరుగువారు మొఱపెట్టగా, అదే యజమాని వారిని కైజర్‌కెల్లరు అను మఱియొక క్లబ్బునకు మార్చెను.

మన సురభి నాటకకుటుంబములు 1885 మొదలు ఊరూర దిరిగినవి. కాని వారి వెంట తల్లియు, పొయ్యియు, ఊయలయు గూడ దిరిగినవి. రంగు కడుగుకొని వచ్చిన పిల్లవానికి అన్నము పెట్టు చేయి యుండెను. హాంబర్గులో నట్టి చేయి లేదు. ఆస్ట్రిడ్ అను జర్మను యువతి, ఆమె తల్లి మాత్రము ఆ పిల్లలను తమ యింటికి బిలిచి భోజనము పెట్టుచుండిరి.

ఒక విషయము గమనింపుడు. బయలుదేఱునాటికి వారికి పనిచేయుట కనుమతిపత్రములు లేవు. అడిగినవారికి విద్యార్థులమని చెప్పుడని వెంట గొనిపోయినవారు నేర్పిరి. పదునెనిమిదేండ్లు నిండనివారు రాత్రి పది దాటిన పిదప అట్టిచోట నుండరాదని అచ్చటి చట్టము. ఇన్నాళ్లు కన్ను మూసికొనిన అధికారులకు, పిల్లలు వేఱొక క్లబ్బునకు బోదలచి యజమానికి కోపము వచ్చినప్పుడు ఆ చట్టము కనబడెను. నవంబరు 21న జార్జిని దేశమునుండి పంపివేసిరి. కొలది దినములకు పాలు, పీటు చీకటిగదిలో వెలుతురునకై ఏదియో ముట్టించిరని, యజమాని యిల్లు తగులబెట్టుచున్నారని ఫిర్యాదు చేసెను. వారిని ఠాణాలో నుంచి, ఆపై నింటికి దఱిమిరి. నేడు మా తిరువూరి వైపునుండియు పిల్లలు చదువు పేర విదేశములకు బోయి, రాత్రులు పనులు చేయుచున్నారు. జీతమెంతయని అడుగు తల్లి, పండుకొనుట యెచ్చటనో, చేతిలోని కాగిత మేపనికి చెల్లునో గూడ నడుగవలెను.

డ్రమ్ములు హాంబర్గులోనే చిక్కినవి. మోనా పట్టుబట్టి వానిని ఓడమీద దెప్పించెను. డిసెంబరు 17న పిల్లలు మరల ఆమె నేలమాళిగలోనే వాయించిరి. అలిగి పోయిన పిల్లలే! ఆ నెల 27న లిథర్లాండు సభలో వారి వాద్యము విని జనులు వెఱ్ఱెత్తిపోయిరి. గంటలకొలది నిలిచి వాయించిన ఫలము దక్కినది.

వెల చెల్లించినవారును గలరు. వారిలో స్టువర్టు సట్‌క్లిఫ్ ఆస్ట్రిడ్‌ను వరించి అచ్చటనే నిలిచి, 1962 ఏప్రిల్ 10న మెదడులో రక్తము చిట్లి ఇరువదియొకటేండ్ల వయసున మరణించెను. తల్లి హాంబర్గు రావలసివచ్చెను. అదే సంవత్సరము ఆగస్టు 16న, అనగా ఇల్లు విడిచి బయలుదేఱిన రెండేండ్లకు, పీటును బృందమునుండి తొలగించిరి. మోనా లండనులో రికార్డులు చేయించు జార్జి మార్టినుకు ఫోనుచేసి నిలదీసెను. రికార్డులలో వేఱొకడు వాయింపవలెనంటినే కాని, తొలగింపుమని నేను చెప్పలేదని యతడు బదులుచెప్పెను. మిత్రులు లోకప్రసిద్ధులగుచుండగా పీటు రొట్టెల కర్మాగారమున బండ్లకు రొట్టెలెత్తి, తరువాత ఉద్యోగములు చూపు సర్కారు కార్యాలయమున ఇరువదేండ్లు పనిచేసెను. అతడు వాయించిన తొలిపాటలు 1995లో సంపుటముగా వెలువడగా, అతని భాగము అతనికి ముట్టినది. మోనా 1988లోనే కన్నుమూసెను.