తలవ్రాతయు శస్త్రవైద్యుని కంటియద్దమును

మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో కష్టము వాటిల్లినప్పుడు “తలవ్రాత” యని సరిపెట్టుకొనుట పరిపాటి. పుఱ్ఱెపై వంకరటింకరగా కానవచ్చు గీతలే యా వ్రాతయని పెద్దలు చెప్పుదురు. శరీరశాస్త్రము చదివిన విద్యార్థి యట్లు తలపడు. అవి పుఱ్ఱెయెముకలు కలిసెడి యతుకులు. శిశువు మెదడు మొదటి సంవత్సరములోనే సుమారు రెండింతలగును. ఆ పెరుగుదలకు తావిచ్చుటకే యీ యతుకులు తెరచియుండును.

సుమారు 2,000 మొదలు 2,500 శిశువులలో నొకరికి ఏదో యొక యతుకు వేళకు ముందే మూసికొనును. అప్పుడు తల మితిమీరి పొడవుగనో, ముక్కోణముగనో పెరుగును. కొందరికి మెదడుపై ఒత్తిడియు కలుగును. మన యిండ్లలో పసిబిడ్డకు నీళ్లు పోయునపుడు తలను గుండ్రముగా నొత్తు నలవాటు గలదు. మూసికొనిన యెముక యెంత యొత్తినను విడివడదు.

దీనికి శస్త్రచికిత్సయే మార్గము. మన దేశమున మొదటి మెదడు శస్త్రచికిత్సా విభాగమును 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు జేకబ్ చాందీగారు నెలకొల్పిరి. 1967లో ఫ్రెంచి వైద్యుడు పాల్ టెస్సియే పుఱ్ఱెను, ముఖమును కలిపి సరిదిద్దు విధానమును రోము నగరపు సభలో వివరించెను. నేడు మఱియొక సాధనము తోడైనది. సి.టి. చిత్రములనుండి కంప్యూటరు బిడ్డ పుఱ్ఱెరూపమును నిర్మించును. 2016లో వెలువడిన హోలోలెన్స్ వంటి కంటియద్దములు ధరించిన వైద్యునకు, ఎదుటనున్న నిజమైన తలపైననే ఆ రూపమును, కోయవలసిన గీతలును కానవచ్చును. దీనినే మిశ్రమ వాస్తవమందురు.

ఇక యంత్రమే వైద్యము చేయునని కొందరనుకొందురు. నే నంగీకరింపను. బొమ్మ తలపై సరిగా నమరక కొన్ని మిల్లీమీటర్లు తప్పవచ్చును. పసిబిడ్డ పుఱ్ఱె విషయమున నది స్వల్పము కాదు. తప్పును గుర్తించునది అనుభవముగల కన్నే, సవరించునది శిక్షణపొందిన చేయియే.

అంతకంటె ముఖ్యమైన దింకొకటి గలదు. ఈ చికిత్స సాధారణముగా మొదటి సంవత్సరములోనే మేలు. కాలము మించినచో నెంత గొప్ప యద్దమైనను గడచిన నెలలను తిరిగి తేజాలదు. కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డ తల రూపము వింతగా దోచినచో వెంటనే వైద్యునకు చూపుడు. ఒకే ప్రక్కను పరుండుటచేతను తల చదునుకావచ్చును. దానికి కత్తి యక్కరలేదు. ఆ భేదము చెప్పవలసినవాడు వైద్యుడే. విజయవాడకును, హైదరాబాదునకును పోవు రాజమార్గము మన యూళ్లమీదుగనే యున్నది. విద్యార్థులారా, మీ యింట నీ మాట చెప్పుడు: ఆ గీతలు వ్రాత కాదు, అతుకులు; అతుకును సరిదిద్దవచ్చును.