సూదిపని తీరికపని కాదు

మన నేతకుటుంబములలో రెండు విధములైన పనులు జరుగుచున్నవి. ఒకటి మగ్గముమీద జరుగు పని. దానికి గజములు కలవు, కూలి కలదు, పుస్తకములో పద్దు కలదు. రెండవది సూదితోను, క్రోషా కొక్కెముతోను, కుట్టు మిషనుతోను జరుగు పని. దానికి పద్దు లేదు. అడిగినచో "ఏదో ఊరికే కూర్చున్నప్పుడు చేసుకొందురు" అని ఇంటిపెద్దలే చెప్పుదురు. నేతవాని ఇంటిలో ఊరికే కూర్చున్న స్త్రీ ఎవరో మేము ఇంతవరకు చూడలేదు.

షోలాపూరు, భివండి, దొడ్డబళ్ళాపురము, సేలము, బరంపురము, యానాము. మనవారు ఎక్కడ స్థిరపడినను ఇంటి తీరు ఒక్కటే. తెల్లవారకముందే పొయ్యి, నీళ్లు, పిల్లల బడి. పిమ్మట రాట్నము దగ్గర కండెలు. మధ్యాహ్నము ఇంటివారందరు ఒక కునుకు తీయు వేళకు ఆమె ఒళ్లోనికి చీరకొంగు వచ్చును, లేదా పొరుగింటివారి రవికె వచ్చును. రాత్రి దీపము ఆర్పువరకు ఆ సూది ఆగదు. దీనికి మనము పెట్టిన పేరు కాలక్షేపము. ఈ పేరు మార్చవలెనని మా అభిప్రాయము. పేరు తప్పుగా ఉన్నంతకాలము వెలయు తప్పుగానే ఉండునని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పేరువలన ఏమి వచ్చునని కొందరు అడుగవచ్చును. మన వృత్తిలోనే సమాధానము కలదు. కండెలు చుట్టుట, పడుగు తీయుట, గంజి పెట్టుట, పోగులు అతుకుట ఇవన్నియు ఒకప్పుడు ఇంటి ఆడవారి చేతిసాయముగా చెల్లిపోయినవి. మగ్గముపై కూర్చున్నవాడే నేతగాడు, తక్కినవారు అతని ఇంటివారు. ఇప్పుడట్లు లేదు. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో 35 లక్షల 22 వేల మంది చేనేత పనివారు లెక్కకు వచ్చిరి. వారిలో సుమారు 26 లక్షల 73 వేల మంది నేయువారు, 8 లక్షల 48 వేల మంది అనుబంధ పనివారు. ఆ అనుబంధ పనివారు ఎవరో కారు. మన ఇండ్లలో కండె చుట్టు చేతులే. లెక్కలోనికి వచ్చినందువలననే వారికి గుర్తింపు కార్డు అడుగు హక్కు కలిగినది.

ఆ గణనలోనే మరియొక విషయము గమనింపదగినది. నేయువారిలో నూటికి 72 మంది స్త్రీలని అందు తేలినది. అస్సాము మొదలగు ఈశాన్య రాష్ట్రముల స్త్రీలు ఇందులో అధికము. వారిలో చాలమంది తమ ఇంటి వాడుకకే నేయుదురు. అయినను వారిని నేతగత్తెలుగానే లెక్కించిరి. ఇంటి వాడుకకు నేసినది నేత యగునప్పుడు, ఇంటిలో కూర్చుండి పదిమందికి కుట్టినది పని కాకుండుట ఎట్లు?

పని అని ఒప్పుకొననిచోట ఏమి జరుగునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. యానామునకు ఆ వైపుననే, గోదావరి డెల్టాలో నరసాపురము కలదు. పందొమ్మిదవ శతాబ్దములో క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లిక నేర్పిరి. ఆ లేసు సముద్రములు దాటి పోయినది. మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆ ప్రాంతమునకు వచ్చి, ఇంటింట విచారించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆమె తేల్చినది ఇది: లోకపు బజారుకు సరుకు తయారుచేయుచున్న ఆ స్త్రీలను అందరును గృహిణులుగానే తలంచిరి, దినమంతయు అల్లినను దానిని తీరిక వేళల పనిగానే ఎంచిరి, అందువలన కూలి అతి స్వల్పముగా నిలిచిపోయినది, వర్తకము మాత్రము మగవారి చేతులలో పెరిగినది. ఒక స్త్రీ పువ్వు అల్లును, మరియొకతె అంచు అల్లును, వేరొకతె వానిని అతుకును. పూర్తియైన సరుకు ఎంతకు అమ్ముడుపోవునో అల్లినవారికి తెలియదు.

2024లో నరసాపురపు లేసు అల్లికలకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషింపదగిన విషయమే. కాని గుర్తింపు సరుకునకు వచ్చినది. సరుకు చేయు చేతికి వెల రావలెనన్నచో మరియొక ప్రయత్నము కావలెను. షోలాపూరు దుప్పటికి 2005లోనే ఆ గుర్తింపు లభించినను, పేరు ఒకరిది, లాభము ఒకరిది అగుట ఎంత సులభమో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక లెక్క చూతము. చీరకొంగునకు కుచ్చులు వేయు పనియే తీసికొందము. పట్టణములలో ఈ పనికి నేడు మంచి గిరాకి కలదు. ఒక చీరకు 5 గంటలు పట్టినదనుకొందము. దుకాణదారుడు 200 రూపాయలు ఇచ్చెననుకొందము. పట్టుదారము, పూసలు 60 రూపాయలు ఆమె ఖర్చే. మిగిలినది 140. గంటకు 28 రూపాయలు. ఎనిమిది గంటలు చేసినను 224. దీనిని మీ ఊరిలో కలుపు తీయబోయిన స్త్రీ రోజుకూలితో పోల్చి చూడుడు. మేము వేసిన అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ ఇంటి అంకెలు మీరు వేసికొనుడు. కాని ఒక్క షరతు. గంటలు వ్రాయకుండ కూలి మాత్రము వ్రాయరాదు. "ఇన్నూరు వచ్చినవి" అనుట వేరు, "అయిదు గంటలకు నూటనలువది మిగిలినవి" అనుట వేరు. మొదటి మాట విన్నవారికి పని చులకన యగును, రెండవ మాట విన్నవారికి బేరము వచ్చును.

అమ్మకమునకు కాక ఇంటికొరకే చేయు కుట్టుపని మాటయేమి? దానికిని విలువ కలదనియే మా వాదము. పాత చీరలు పొరలు పొరలుగా పరచి బొంత కుట్టినచో ఒక దుప్పటి కొనుట తప్పినది. పెద్దపిల్ల పరికిణీ చిన్నదానికి సరిచేసినచో ఒక పండుగబట్ట ఖర్చు తగ్గినది. పసిబిడ్డకు ఉన్ని టోపీ అల్లినచో ఆ చలికాలము గడచినది. ఇది మిగులు. మిగులు కూడ సంపాదనయే. నెల చివర ఇంటి జమాఖర్చులో "కుట్టుపనివలన మిగిలినది" అని ఒక గీత గీసి వ్రాసి చూడుడు. ఆ అంకె చూచిన పిమ్మట మిషను నూనెకు, సూదులకు, దారపు ఉండకు డబ్బు అడిగినప్పుడు ఇంటిలో ఎవరును విసుగుకొనరు.

అయితే ఒక హెచ్చరిక. విలువ కలదు గనుక స్త్రీ ఇంకను ఎక్కువ కుట్టవలెననుట మా ఉద్దేశము కాదు. వంట, కండెలు, కుట్టు, పిల్లలు ఈ నాలుగును ఒక్క మనిషిమీద పడినప్పుడు ముందు చెడునది కన్ను, పిమ్మట నడుము. చిన్న బల్బు క్రింద నల్లదారముతో నల్లబట్ట కుట్టించుట పొదుపు కాదు. మంచి వెలుతురు, కూర్చుండుటకు తగిన పీట, ఏడాదికొకసారి కంటిపరీక్ష, ఇవి పనిముట్లలో భాగములని తలంపవలెను. మగ్గమునకు గుంట తవ్వించి, అచ్చు కొని, నాడె కొని, సూది పట్టు మనిషికి కళ్లజోడు కొననివాడు తన వ్యాపారము తానే చెరుపుకొనును.

సూది ఆడువారి సొత్తు అను మాట కూడ పరిశీలింపదగినది. బజారులోని దర్జీలలో మగవారు ఎందరు లేరు? డబ్బు వచ్చుచోట సూది మగవాని చేతిలో ఒప్పినప్పుడు, ఇంటిలో గుండీ కుట్టుటకు మాత్రము ఎందుకు ఒప్పదు? పోగు తెగినచోట క్షణములో అతుకగల వ్రేళ్లు మన మగపిల్లలవి. వారికి కాజా కుట్టుట, అంచు మడచుట నేర్పినచో ఏ గౌరవమును తగ్గదు. ఆడపిల్లను బడి మాన్పించి మిషను దగ్గర కూర్చుండబెట్టుట మాత్రము మేము ఎంతమాత్రము ఒప్పుకొనము. చదువు వెనుకబడిన కుట్టుపని ఆ పిల్లకు చిరకాలము చౌక కూలినే మిగుల్చును.

కొందరు పెద్దలు వేరొక అభ్యంతరము చెప్పుచున్నారు. సూది చేతికి వచ్చినచో నాడె చేయి విడుచునని. మన అనుభవము దీనికి విరుద్ధము. కన్నడదేశములో ఇలకల్ చీరను చూడుడు. దానిపై కసూతి కుట్టు ఎన్ని తరములుగా నిలిచియున్నదో అందరెరుగుదురు. బట్టపోగులు లెక్కపెట్టుకొనుచు, ముడి వేయక కుట్టు ఆ పనిలో గవంతి, ముర్గి వంటి కుట్లు రెండువైపుల ఒక్కతీరుగ కనబడును. పోగు లెక్క తెలియనివారికి ఆ కుట్టు రాదు. అనగా మంచి సూదిపనికి మంచి నేత కావలెను. కుచ్చుల సంగతియు అంతే. మగ్గముమీదనుండి దించిన చీరకు పడుగుకొనలు వదలి కోసినచో, ఆ కొనలతోనే ముడులు వేయవచ్చును. ఆ కొనలు ఎంత వదలవలెనో మగ్గము దగ్గరనే నిర్ణయింపవలెను. కాని నేడు జరుగుచున్నదేమి? చీర మన ఇంటినుండి కొనలు కోయబడి పోవుచున్నది. పట్టణములో ఎవరో వేరు దారముతో కుచ్చులు వేసి, ఫాలు కుట్టి, పీకో చేయించి, ఆ కూలి తాము గైకొనుచున్నారు. మన గడపలోనే కాదగిన పని గడప దాటిపోవుచున్నది. దీనిని నిలుపుకొన్నచో నాడె విడుచుట కాదు, నాడెకు బలము చేకూరును.

రెడీమేడు బట్ట చౌకయై ఇంటికుట్టు దండుగ అయినదను వాదమును కొంత నిజమే. చిన్నపిల్లల చొక్కా కుట్టుటకంటె కొనుటయే చౌకగా ఉన్నచో కొనుడు. సూదిని ఆ పోటీలో పెట్టనక్కరలేదు. యంత్రము చేయలేనిది, కొలతకు సరిపోవు రవికె, చేతి లేసు, కసూతి, కుచ్చులు, పాత చీర సరిచేయుట, ఇట్టి పనులయందే మన సూదికి స్థానము.

ఇక ఏమి చేయవలెనన్నచో మేము సూచించునవి నాలుగు.

మొదటిది, మన సంఘములు ప్రతి ఊరిలోను సూదిపని చేయువారి పట్టిక వ్రాయవలెను. నేతవారి పట్టిక ప్రక్కనే ఇదియు ఉండవలెను. మగవాని పేరు క్రింద "భార్య" అని కాక, ఆమె పేరు ఆమెదిగా వ్రాయవలెను.

రెండవది, చేతికూలి ధరల పట్టిక ఒకటి తయారుచేసి, గంటలతో సహా గోడకు అంటింపవలెను. ఒకరు తక్కువకు ఒప్పుకొన్నచో పదిమంది కూలి పడిపోవునని మగ్గము విషయమున మనకు తెలిసినదే. దారము ఎవరిదో, చెడినచో నష్టము ఎవరిదో ముందే వ్రాసికొనవలెను. డబ్బు ఆమె బ్యాంకు ఖాతాకే చేరవలెను.

మూడవది, ప్రభుత్వపు దారులు తెలిసికొనవలెను. అసంఘటిత పనివారికి 2021లో ఈ-శ్రమ్ నమోదు ప్రారంభమైనది. ఇంటనుండి పనిచేయువారును అందులో చేరవచ్చును. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో చేనేత లేదు గాని దర్జీపని కలదు. అందు కుటుంబమునకు ఒక్కరికే అవకాశము. ఆ ఒక్కరు నిజముగా కుట్టువారే కావలెను. పేరు ఒకరిది, మిషను ఒకరిది కారాదు. 2020లో చేసి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి తెచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో, ఇంటనే కూర్చుండి ఇతరులకొరకు కూలికి సరుకు చేయువారిని ఒక తరగతిగా పేర్కొన్నారు. చట్టము "పనివారు" అన్నవారిని మనము "ఊరికే కూర్చున్నవారు" అనుట ఇకనైన మానవలెను.

నాలుగవది, మాదిరి పుస్తకములు. అవ్వలు అల్లిన లేసు, వేసిన కుచ్చుముడి, కుట్టిన బొంత, వీని మాదిరులు ఒక్కొక్కటి జానెడు గుడ్డపై కుట్టి, పేరు వ్రాసి, పుస్తకముగా కూర్చి సంఘపు గదిలో ఉంచవలెను. మనము పరరాష్ట్రములలో తరతరములుగా ఉన్నవారము. పిల్లలకు తెలుగు అక్షరము ఎంత అవసరమో ఈ చేతి అక్షరమును అంతే. పెద్దలు ఉండగనే దీనిని చేయవలెను.

ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒక పుస్తకము, ఒక పట్టిక, కొన్ని సాయంకాలములు చాలును. కావలసినది ఇంటిపెద్దల మనసులో ఒక మార్పు. నేతవాడు తన చీరకు తగిన వెల రాలేదని షావుకారుతో పోరాడుట న్యాయమే. ఆ న్యాయమునే తన ఇంటి మూల కూర్చుండి కొంగునకు కుచ్చు వేయుచున్న చేతికి చూపనిచో, ఆ పోరాటములో సగము బలము తగ్గిపోవును. రాబోవు సంఘ సమావేశములలో ఈ విషయము చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. ఆ సమావేశములకు సోదరీమణులును వచ్చి, తమ గంటల లెక్క తామే చెప్పవలెనని మా మనవి.