యాకోబు పత్రికలో నూనె, మన చేతిలో మాత్ర



రోగి మంచం దగ్గర చదివే వాక్యభాగాల్లో యాకోబు పత్రిక 5వ అధ్యాయం 14, 15 వచనాలకు ప్రత్యేకమైన స్థానం ఉంది. జబ్బుపడినవారు సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని, ఆ పెద్దలు ప్రభువు పేరిట నూనె రాసి ప్రార్థన చేయాలని అపొస్తలుడు అక్కడ చెబుతాడు. విశ్వాసంతో చేసిన ప్రార్థన వ్యర్థం కాదని ధైర్యం చెబుతాడు. కష్టకాలంలో ఎన్నో కుటుంబాలను నిలబెట్టిన మాటలివి.

అయితే ఇవే మాటలు చదివి మందులు మానేసేవారు కూడా ఉన్నారు. "నూనె రాసి ప్రార్థన చేశారు, ఇంకా మాత్ర మింగితే అవిశ్వాసం కదా" అంటూ టీబీ మందులు మధ్యలో ఆపేసేవారున్నారు. మూర్ఛ మాత్రలు పక్కన పెట్టేసేవారున్నారు. ఇన్సులిన్ మానేసేవారున్నారు. వారు తిరిగి ఆసుపత్రికి వచ్చేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. కొందరు రానే రారు.

ఇందులో తప్పు వాక్యానిది కాదు, మనం చదివే తీరుది. ఈ పత్రికను మొదటి నుండి చివరి వరకు శ్రద్ధగా చదివితే, దాని పేరు చెప్పి మందు మానడానికి చోటే కనిపించదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఉత్తరాన్ని ఉత్తరంలాగే చదవాలి

మన ఇంటికి దూరాన ఉన్న పెద్దాయన దగ్గర నుండి ఉత్తరం వస్తే, మధ్యలో ఒక్క వాక్యం చదివి మడిచి పెట్టేయము. మొత్తం చదువుతాం. ఎవరికి, ఏ పరిస్థితిలో రాశాడో ఆలోచిస్తాం. అపొస్తలుల పత్రికలను కూడా అలాగే చదవాలి.

యాకోబు పత్రికలో ఉన్నవి 5 అధ్యాయాలు, 108 వచనాలు. ఓపీ చీటీ తీసుకొని డాక్టరుగారి పిలుపు కోసం బల్ల మీద కూర్చున్న సమయంలో అంతా చదివేయవచ్చు. దీన్ని రాసినవాడు ప్రభువు సహోదరుడు, యెరూషలేము సంఘంలో పెద్ద అయిన యాకోబు అని సంఘ సంప్రదాయం. గలతీయులకు రాసిన పత్రిక 1వ అధ్యాయంలో పౌలు ఇతని పేరును అపొస్తలుల ప్రస్తావనలోనే చెప్పాడు. తరువాతి కాలంలో మరొకరు ఆయన పేరిట రాశారని భావించే పండితులూ ఉన్నారు.

పత్రిక అందుకున్నవారు పలుచోట్లకు చెదిరిపోయిన విశ్వాసులు. వారిలో కూలి డబ్బులు అందని పనివారు ఉన్నారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడిని కాళ్ళ దగ్గర కూర్చోబెట్టే సంఘాలూ ఉన్నాయి. అలాంటి చోట మంచాన పడిన పేదవాడిని ఎవరు పట్టించుకుంటారు? కనుకనే యాకోబు, పెద్దలే రోగి దగ్గరకు రావాలన్నాడు. రోగిని ఎక్కడికో మోసుకుపొమ్మని చెప్పలేదు.

నూనె దేనికి?

ఆ రోజుల్లో ఒలీవ నూనె ఇంట్లో ఉండే సామాన్యమైన వస్తువు. వంటకు, దీపానికి, ఒంటికి, గాయానికి కూడా వాడేవారు. లూకా సువార్త 10వ అధ్యాయంలో సమరయుడు దెబ్బలు తిన్నవాడి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. యెషయా 1వ అధ్యాయంలో నూనెతో మెత్తన చేయని గాయాల మాట ఉంది. హేరోదు రాజు చివరి జబ్బులో వైద్యులు అతణ్ణి వెచ్చని నూనె తొట్టెలో దింపారని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. మరోవైపు, మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులు రోగులకు నూనె రాసి స్వస్థపరిచారు.

యాకోబు ఇక్కడ వాడిన గ్రీకు మాట 'అలైఫో'. ఒంటికి నూనె రాయడం, పూయడం అనే మామూలు పనికి వాడే మాట ఇది. అభిషేకించడం అనే అర్థంలో 'క్రియో' అనే వేరే మాట ఉంది. 'క్రీస్తు' అనే బిరుదు ఆ మాట నుండే వచ్చింది. దీన్నిబట్టి ఇక్కడ నూనె వైద్యమే అని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. రోగిని దేవునికి అప్పగించే గుర్తు అని మరికొందరు అంటారు. ఏది ఒప్పుకున్నా మనకు వచ్చే ఫలితం ఒక్కటే. నూనె ఆనాటి మందైతే, ఈనాటి మందు మానమనడానికి ఈ వచనమే అడ్డు వస్తుంది. నూనె గుర్తైతే, గుర్తుకు మందుతో పోటీ లేదు.

సంఘ చరిత్రలో ఈ వచనం మీద చాలా చర్చ జరిగింది. 416లో రోము బిషప్పు ఇన్నొసెంటు, బిషప్పు ఆశీర్వదించిన నూనెను విశ్వాసులందరూ తమ అవసరానికి, తమవారి అవసరానికి వాడుకోవచ్చని రాశాడు. కాలక్రమేణా అది మరణపడక మీద గురువు జరిపే సంస్కారంగా మారింది. 1551లో ట్రెంట్ మహాసభ దాన్ని యాకోబు మాటల ఆధారంగా సంస్కారమని ప్రకటించింది. అది చనిపోయేవారికి మాత్రమే కాదని 1963లో రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. ప్రొటెస్టంటు సంఘాలు దాన్ని సంస్కారంగా అంగీకరించలేదు. ఈ చర్చంతా నూనె ఎవరు రాయాలి, ఎప్పుడు రాయాలి అన్నదాని మీద సాగింది. మందు మానాలా అన్నది వేరే ప్రశ్న, దాన్ని ఈ వచనం అడగనే లేదు.

సందేహపడకూడదన్న మాట

"సందేహించేవాడు అలలాంటివాడని యాకోబే అన్నాడు కదా, మాత్ర వేసుకోవడం సందేహం కాదా?" అని అడిగేవారుంటారు. ఆ మాట 1వ అధ్యాయం 6వ వచనంలో ఉంది. దానికి ముందున్న 5వ వచనం కూడా చదవండి. అక్కడ సందేహించకుండా అడగమన్నది జ్ఞానాన్ని. ఏ జబ్బుకు ఎవరి దగ్గరకు వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి, మందు ఎన్నాళ్ళు వాడాలి అని తెలుసుకోవడం కూడా జ్ఞానమే. దేవుణ్ణి జ్ఞానం అడిగి, ఆ జ్ఞానం డాక్టరుగారి నోట వస్తే వద్దనడం ఏం న్యాయం?

అలాగే 4వ అధ్యాయంలో, రేపు ఏమి జరుగుతుందో మనకు తెలియదు గనుక ప్రభువు చిత్తమైతే బ్రతికి ఫలానా పని చేస్తామని చెప్పుకోవాలని యాకోబు నేర్పాడు. 'ఫలానా తేదీకి తప్పక నయమవుతుంది, మందులు పారేయండి' అని చెప్పేవారు ఈ అధ్యాయాన్ని దాటి వెళ్ళిపోయినవారు.

'స్వస్థపరచును' అని మనం చదివే చోట ఉన్న గ్రీకు మాట 'సోజో'. ఈ పత్రికలో అది 5 సార్లు వస్తుంది. మిగతా 4 చోట్ల దాని అర్థం రక్షించడం. ఒళ్ళు బాగుపడడం ఆ మాటలో ఉంది, అంతకంటే పెద్ద క్షేమం కూడా ఉంది. జబ్బు తగ్గకపోయినా దేవుడు విడిచిపెట్టలేదని చెప్పగలిగిన మాట అది.

ఎవరి విశ్వాసం? ఎవరి పాపం?

నయం కానప్పుడు "నీకు విశ్వాసం చాలలేదు" అని రోగినే నిందించడం ఎంత క్రూరమో ఆలోచించండి. ఆ వచనంలో ప్రార్థన చేస్తున్నది పెద్దలు. విశ్వాసంతో చేసే ప్రార్థన ముందుగా వారి బాధ్యత. రోగి చేయవలసింది వారిని పిలవడమే.

పాపం గురించి కూడా అంతే. పాపం చేసి ఉంటే క్షమాపణ కలుగుతుందన్నాడు యాకోబు. ఆ 'ఉంటే' అనే మాటను మింగేయకూడదు. ప్రతి జబ్బు వెనుక ఒక పాపం ఉందని అతడు చెప్పలేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, కన్నవారిదీ కాదని ప్రభువు జవాబిచ్చాడు. క్యాన్సరు వచ్చిన అమ్మను, మూర్ఛ వచ్చే బిడ్డను, హెచ్ఐవి ఉన్న సహోదరుణ్ణి అందరి ముందు నిలబెట్టి ఒప్పుకోమనడం ఈ పత్రిక నేర్పింది కాదు. 16వ వచనం ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది. అంటే పెద్దలకూ అది వర్తిస్తుంది.

మిగతా పత్రికలు ఏమంటున్నాయి?

పౌలు త్రోఫిమును జబ్బుతో ఉండగానే మిలేతులో విడిచి వచ్చాడు. ఎపఫ్రొదితు చావుకు దగ్గరై కోలుకున్నాడు. తన శరీరంలోని ముల్లు తీసివేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, కృప మాత్రం దొరికింది. తిమోతి కడుపు బాధకు అతడు చెప్పింది కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని. (ఇది తాగుడుకు అనుమతి చీటీ కాదు!) వైద్యుడైన లూకాను ప్రియమైనవాడు అన్నాడు. అద్భుతాలు చూసిన అపొస్తలుల చుట్టూ కూడా తగ్గని జబ్బులు, ఇంటి వైద్యం, వైద్యుడు అన్నీ ఉన్నాయి.

అసలు జవాబు 2వ అధ్యాయంలో ఉంది

బట్ట లేనివారిని, ఆ పూట తిండి లేనివారిని చూసి, కావలసింది ఏమీ ఇవ్వకుండా మంచిమాట చెప్పి పంపేస్తే ఏమి ప్రయోజనం అని యాకోబు 2వ అధ్యాయంలో గట్టిగా అడుగుతాడు. ఈ పత్రికకు గుండెకాయ ఆ ప్రశ్నే. దాన్ని రోగి దగ్గరకు తీసుకురండి. ఊపిరాడనివాడికి నూనె రాసి, ప్రార్థన చేసి, ఆటో పిలవకుండా వెళ్ళిపోతే ఏమి ప్రయోజనం? 5వ అధ్యాయం రాసిన చెయ్యే 2వ అధ్యాయం రాసింది.

కనుక పెద్దలకు, కుటుంబాలకు నా మనవి ఇది.

రోగిని చూడడానికి వెళ్ళినప్పుడు ప్రార్థనతో పాటు "ఈ పూట మాత్ర వేసుకున్నారా?" అని అడగండి. డబ్బులు లేక మానేస్తే సంఘం చెయ్యి వెయ్యాలి. టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మామూలు టీబీకి కనీసం 6 నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిందని ఆపితే, మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. టైప్ 1 షుగరు ఉన్నవారు ఇన్సులిన్ మానితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం. బీపీకి చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు, కనుక 'బాగానే ఉన్నాను' అనుకొని మాత్ర మానకూడదు.

నూనె నుదుటి మీద కొంచెం రాస్తే చాలు. స్పృహ లేనివారి నోట్లో, ఆయాసంతో ఉన్నవారి నోట్లో పోయవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. కాలిన గాయం మీద నూనె వద్దు. 20 నిమిషాలు చల్లని కుళాయి నీళ్ళు పారనిచ్చి ఆసుపత్రికి తీసుకురండి. నయమైందని సాక్ష్యం చెప్పాలనుకునేవారు ముందు పరీక్ష చేయించుకోండి. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు.

ఆసుపత్రిలో పనిచేసేవారికీ ఒక మాట. పెద్దలు వచ్చి ప్రార్థన చేస్తామంటే అడ్డుగా భావించవద్దు. మంచాన పడినవాడికి మాత్ర ఎంత అవసరమో, చెయ్యి పట్టుకునే మనిషి కూడా అంత అవసరం. ఒంటరితనానికి మన ఫార్మసీలో మందు లేదు.

1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు సువార్తను నమ్మినవారే, 1898లో స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచినవారే. ఆమెకు ఆ రెండూ ఒకే పిలుపు. మన తెలుగు నేల మీద మిషన్ ఆసుపత్రులు వెలిసింది అలాంటి చదువు నుండే.

ఈ వారం ఇంట్లో అందరూ కూర్చొని యాకోబు పత్రిక మొదటి వచనం నుండి చివరి వచనం వరకు ఒకేసారి చదవండి. చదవడం అయ్యాక ప్రార్థన చేయండి. ఆ పూట వేసుకోవలసిన మాత్ర ఉంటే, ఆమేన్ అన్నాక వేసుకోండి.