పులి రాలేదని తేలిన తరువాత

‘నాన్నా, పులి!’ కథ చెప్పని ఉపాధ్యాయుడు మనలో ఉండడు. పిల్లవాడు ఉత్తుత్తికే కేకలు వేసినాడు. నిజముగా పులి వచ్చిన నాడు తండ్రి కదలలేదు. తప్పంతయు పిల్లవానిదే అని తేల్చి పాఠము ముగిస్తాము. ఈమధ్య నాకు ఆ తండ్రిమీదనే అనుమానము కలుగుతున్నది.

మేముండేది మియాపూరు. ఒకవైపు బొల్లారము, ఒకవైపు జీడిమెట్ల, పటాన్‌చెరు దాటితే పాశమైలారము. మందులూ రసాయనములూ తయారుచేసే కర్మాగారములు ఎన్నో. విషవాయువులను పసికట్టే పరికరములను బాగుచేయుట వృత్తిగాగల యువకుడొకడు మా వీధిలో ఉన్నాడు. ఒకచోట ప్రతి సాయంకాలమూ సైరను మోగేదట. పోయి చూస్తే వాయువు లేదు. విసిగిపోయి ఎవరో రిలే కాంటాక్టుల మధ్య చిన్న తీగముక్క బిగించినారు. సైరను ఊరుకున్నది, అందరూ సంతోషించినారు. ఇతడు పోయి విచారించగా, సాయంకాలము బల్లలు తుడిచే స్పిరిటు ఆవిరి ఆ పరికరమునకు తగులుతున్నదని తేలినది. కార్బన్ మోనాక్సైడును కనిపెట్టే సెన్సారుకు ఆల్కహాలు ఆవిరి కూడ ఆ వాయువువలెనే తోచవచ్చును. పరికరము అబద్ధమాడలేదు, తనకు తోచినది చెప్పినది.

ఆ యంత్రపు ఏర్పాటు విద్యార్థులు తెలిసికొనదగినది. సాధారణముగా పరికరమునుండి కంట్రోలు గదికి వచ్చే విద్యుత్తు, వాయువు బొత్తిగా లేనపుడు కూడ 4 మిల్లీ ఆంపియర్లు ఉంటుంది. వాయువు పూర్తి కొలతకు చేరినపుడు 20. సున్ననుండి ఎందుకు మొదలుపెట్టలేదు? తీగ తెగితే వచ్చేది సున్న. ‘వాయువు లేదు’ అనుటకూ, ‘చెప్పుటకు నేనే లేను’ అనుటకూ భేదము తెలియవలెను గదా! రిలే విషయములోను ఇదే న్యాయము. మామూలు వేళల విద్యుత్తు దానిని పట్టి ఉంచవలెను. సరఫరా పోయినా, తీగ తెగినా అది విడివడి హెచ్చరిక పుట్టవలెను. ఇందుకు విరుద్ధముగా కలిపితే తెగిన తీగ నోరెత్తదు.

రిలేకు వచ్చే జబ్బులు వేరే ఉన్నవి. పెద్ద సైరనుకో, గాలిని బయటికి తోసే ఫ్యానుకో కావలసిన విద్యుత్తునంతా చిన్న రిలేగుండా నడిపితే నిప్పురవ్వలు లేచి కాంటాక్టులు అతుక్కొనిపోవచ్చును. అప్పుడు వాయువు పోయినా కూత ఆగదు. చెమ్మకు చిలుమెక్కితే రిలే ‘టిక్కు’మంటుంది గాని విద్యుత్తు దాటదు. కాబట్టి టిక్కు విని తృప్తిపడరాదు. కొలత తెలిసిన పరీక్షవాయువును పట్టి, సైరను మోగేవరకు చూడవలెను. ఇవన్నీ తరువాతి మాటలు. కూత వినబడగానే వాయువున్నదనే నమ్మవలెనంటాడు మా యువకుడు. మనుష్యులను బయటికి పంపి, చేతి పరికరముతో కొలిచి, లేదని తేలిన పిమ్మటనే అతడు తీగలు ముట్టేది.

ఊరక మోగే సైరనుతో పని చెడుతుంది, ఊరు బెదురుతుంది అంటారు. నిజమే. భోపాలులో ఆలోచించినది కూడ ఇదే. చిన్న లీకులకు చుట్టుపట్లవారు బెదరకుండుటకై బయటి సైరనును కొద్దిసేపటికే ఆపే పద్ధతి అక్కడ ఉండేది. 1984 డిసెంబరు 2–3 తేదీల నడిరేయి కూడ అది మోగి ఆగినది. మనకు ఇంకను దగ్గరిది విశాఖపట్టణము. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురము చెంత ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చినది. 12 మంది మరణించినారు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వము నియమించిన సంఘము, సైరను మోగించుటకు 36 చోట్ల వీలుండియు ఎవరూ మోగించలేదని తెలిపినది. అక్కడ రిలే చెడిపోయినదని నేను అనుట లేదు. కూత అనగా చిరాకు, మౌనము అనగా క్షేమము అనే అలవాటు ముదిరితే, మీట ఎదుట నిలిచినవాని చేయి కూడ సంకోచిస్తుందని మాత్రము నా అభిప్రాయము.

పులి లేదని తేలిన నాడు ఆ తండ్రి పొదలు వెదకినాడా? అడుగుజాడలు చూచినాడా? కొడుకునైనా ‘ఏమి చూచి అరిచినావురా?’ అని అడిగినాడా? కథలో లేదు. కర్మాగారములలో మాత్రము దీనికొక పుస్తకముండవలెను: ఏనాటి కూత, ఏమి కారణము, ఎవరు సైరనును ఆపి ఉంచినారు, ఎన్ని గంటలకు తిరిగి విడిచినారు. ‘కారణము తెలియలేదు’ అని వ్రాసి సంతకము చేయుటకు ఎవరికీ అధికారముండరాదు. మా యువకుడు ఊడదీసిన ఆ తీగముక్కను ఎవరు బిగించినారో, ఎన్నాళ్లైనదో అక్కడ చెప్పగలవారు ఒక్కరూ లేకపోయినారు.