మన్యం గర్భిణుల మలేరియాపై ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

తల్లి యాంటీబాడీలు మావి దాటి బిడ్డకు చేరేది ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే. మలేరియా క్రిములు మావిలో తిష్ఠ వేస్తే ఆ చేరిక తగ్గుతుందని, తట్టు యాంటీబాడీల విషయంలోనూ అంతేనని గాంబియా పరిశోధనల్లో కనిపించింది. మన దగ్గర తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాకే. అందాకా బిడ్డకు అమ్మ ఇచ్చిందే రక్ష. పైగా మావిలో మలేరియా దాగినా తల్లిలో జ్వరమే ఉండకపోవచ్చు! అదే నా భయం.

అందుకే మన్యంలోని పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాల్లో ప్రతి నెలా 9న జరిగే గర్భిణుల తనిఖీలో, జ్వరం లేకపోయినా మలేరియా పరీక్ష చేయించండి. దోమతెరలు ముందు గర్భిణుల ఇళ్లకు పంపండి. మలేరియా సోకిన తల్లుల వివరాలు ఏఎన్ఎంల దగ్గర ఉండాలి. వాళ్ల బిడ్డలకు తొమ్మిదో నెల టీకా ఆలస్యం కాకూడదు.

ఇట్లు,
ఒక పౌరురాలు