లెక్క పెరిగింది, గండం గడవలేదు

అంతరిస్తుందనుకున్న చెట్టు వందల్లోంచి వేలకు చేరితే గట్టెక్కిందని ఊపిరి పీల్చుకుంటాం. కాలిఫోర్నియా తీరంలోని టోరీ పైన్ విషయంలో అది తొందరపాటే. అమెరికాలో సహజంగా పెరిగే పైన్లన్నిటిలో అరుదైనది ఇదే. లోకం మొత్తం మీద దీనికి సొంత ఊళ్లు రెండే. ఒకటి శాన్ డియేగో నగరపు ఒడ్డున ఉన్న ఇసుకరాతి గుట్టలు, రెండోది అక్కడికి దాదాపు 280 కిలోమీటర్ల దూరాన ఉన్న శాంటా రోజా దీవి.

కోస్తాలో సరుగుడు తోపుల మధ్య తిరిగినవారికి ఈ చెట్టు దూరం నుంచి పాత చుట్టంలాగే కనిపిస్తుంది. అదే ఉప్పుగాలి, అదే హోరు. సరుగుడు మాత్రం పైన్ జాతిది కాదు. టోరీ పైన్ కొమ్మ చివర జానెడు పొడవున గట్టి సూది ఆకులు కుచ్చులు కుచ్చులుగా ఉంటాయి. ఏ కుచ్చు విప్పి చూసినా సాధారణంగా అయిదే ఆకులు. అక్కడ వేసవిలో వాన దాదాపుగా ఉండదు. సముద్రం మీంచి వచ్చే పొగమంచు ఆ ఆకులను పట్టుకుని, బొట్లు బొట్లుగా చెట్టు మొదట్లోనే రాలుతుంది. అంటే తన నీళ్లు తనే తెచ్చుకునే చెట్టు. ఇప్పుడా పొగమంచుకూ ఎసరొచ్చింది. నగరాల కాంక్రీటు వేడికి దక్షిణ కాలిఫోర్నియా తీరంలో అది పలచబడుతోందని పరిశోధకులు గుర్తించారు.

1850లో చార్లెస్ ప్యారీ అనే వృక్షశాస్త్రవేత్త ఈ చెట్టుకు తన గురువు జాన్ టోరీ పేరు పెట్టాడు. 1899లో నగరపాలకులు ఆ గుట్టల్లో కొంత భూమిని పార్కుగా కేటాయించారు. పక్కనున్న స్థలాలను ఎలెన్ బ్రౌనింగ్ స్క్రిప్స్ కొని కాపాడింది. పత్రికల ద్వారా వచ్చిన సంపదను ఒక మహిళ చెట్ల కోసం వెచ్చించడం చిన్న సంగతి కాదు. ఆమె పూనుకోకపోతే ఈపాటికి అక్కడ ఇళ్లే ఉండేవి. దీవిలోనూ పశువులను, ఆ తర్వాత జింకలను, ఎల్కులను తరలించాక మొక్కలకు తెరిపి దొరికింది.

అసలు చిక్కు చెట్టు లోపల ఉంది. 1983లో లెడిగ్, కాంకిల్ అనే శాస్త్రవేత్తలు 59 జన్యు స్థానాలను పరీక్షించారు. గుట్టల మీది చెట్లలో ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపించలేదు. దీవి చెట్లలోనూ అంతే. తేడా ఉన్నది ఆ రెండు గుంపుల మధ్యే, అదీ రెండు స్థానాల్లో. కొత్త పద్ధతుల్లో చేసిన పరీక్షలు కొంత వైవిధ్యం చూపినా అది తక్కువే. వీధిలోని ఇళ్లన్నిటికీ ఒకే తాళం వేసినట్టుంది పరిస్థితి. ఒక ఇంటి తాళం తీయగలిగిన దొంగకు వీధంతా తెరిచినట్టే.

ఆ దొంగ ఒకసారి రానే వచ్చాడు. 1980ల చివర కరువు పట్టినప్పుడు బెరడు తొలిచే పురుగు గుట్టల మీద విరుచుకుపడింది. ఆరోగ్యంగా ఉన్న పైన్ జిగురు కార్చి పురుగును బయటికి నెట్టేస్తుంది. నీళ్లు లేక ఎండిన చెట్టుకు ఆ జిగురు ఎక్కడిది? 800కు పైగా చెట్లు చచ్చిపోయాయి. అప్పుడు పురుగుల భాషతోనే పురుగులను ఆపారు. రమ్మని పిలిచే వాసనతో ఎండిన చెట్ల దగ్గర ఉచ్చులు పెట్టారు, ఇక్కడ చోటు లేదని చెప్పే వాసనను పచ్చని చెట్ల మధ్య వేలాడదీశారు. ఉచ్చుల్లో లక్షల పురుగులు పడ్డాయి. అది గొప్ప పనే, కాని ప్రతి కరువుకూ అంత అదృష్టం కలిసిరాదు.

మన ఎర్రచందనానికి శత్రువు గొడ్డలి, కాపలా పెంచితే కొంత ఆగుతుంది. టోరీ పైన్‌ను ఇవాళ ఎవరూ నరకడం లేదు. అందుకే కంచె ఒక్కటే సరిపోదు. దీవి చెట్టునూ గుట్ట చెట్టునూ సంకరం చేసి కొత్త బలం ఇద్దామని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. కాలిఫోర్నియాలోనే ఉన్న మోంటెసీటోలో దీవి, గుట్ట, సంకరం అనే మూడు రకాలనూ పక్కపక్కనే నాటి చూస్తే సంకర మొక్కలే ఏపుగా ఎదిగాయి, కాపూ బాగా వచ్చింది. అయితే తోటలో ఎదిగినంత మాత్రాన గాలి కోతకు గురయ్యే గుట్ట మీద నిలుస్తాయని చెప్పలేం. ఒకసారి అడవిలో పుప్పొడి కలిసిందంటే వేరు చేయడం ఎవరి తరమూ కాదు. సంకర మొక్కలను నాటాల్సిందే, అయితే రెండు సొంత ఊళ్లకూ దూరంగా, మూడో చోట. ఈ చెట్టు గింజ బరువైనది, ఎండలు ముదిరితే గాలికి ఎగిరి చల్లని తావు వెతుక్కోలేదు. ఆ మూడో చోటు మనుషులే చూపించాలి.

దానికన్నా ముందు రెండు చోట్లా, వీలైనన్ని చెట్ల నుంచి, విత్తనాలు ఏరి భద్రపరచాలి. ఈ చెట్టు కాయ ముదరడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. వచ్చే కరువులో చెట్లు ఎండడం మొదలయ్యాక బుట్టలు పట్టుకుని బయల్దేరితే, అప్పటికి కొమ్మల మీద ఏం మిగిలి ఉంటే అదే దక్కుతుంది.